పెరడే తొలి బడి.. చీమే తొలి పాఠం

* బడికి వెళ్లని బుడతలకు ఇంటి పరిసరాలే పాఠ్యపుస్తకం
* చూడటం, లెక్కపెట్టడం, చెప్పడం.. ఈ మూడూ నేర్పితే చాలు
* పెంపుడు జంతువుల విషయంలో జాగ్రత్తలు తప్పనిసరి

మహబూబ్‌నగర్: తొలకరి చినుకులు పడ్డాయంటే చిన్నారుల చూపు నేల మీదే ఉంటుంది. చీమల బారు వెంట నడుస్తారు. తూనీగ వెనక పరుగెడతారు. గంప కింది కోడిపిల్లల కోసం గంటల తరబడి కూర్చుంటారు. పెద్దలు మాత్రం ‘ముట్టుకోకు.. కుడుతుంది’ అని వెనక్కి లాగుతారు. లేదంటే ఆ పురుగును చెప్పుతో నలిపేసి పనిలో పడిపోతారు. పిల్లవాడు అడగబోయిన ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. పలకా బలపం పట్టకముందే, ఖర్చు లేకుండా, ఇంటి ముంగిట దొరికే చదువును మనమే దూరం చేస్తున్నాం.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కీటకాలు, పెంపుడు జంతువులను మించిన బోధనోపకరణాలు లేవు. అవి కదులుతాయి, తింటాయి, పెరుగుతాయి, రూపం మార్చుకుంటాయి. గోడకు వేలాడే బొమ్మల పట్టీలో ఇవేవీ ఉండవు. ఉపాధి కోసం తల్లిదండ్రులు దూర ప్రాంతాలకు వలస వెళ్లే పాలమూరు పల్లెల్లో చాలామంది పిల్లలు నానమ్మ, అమ్మమ్మల వద్దే పెరుగుతున్నారు. అక్షరం రాని అవ్వ కూడా ఈ పాఠాలు చెప్పగలదు. కావలసింది ఓపిక, రోజుకు అరగంట సమయం.

ఈ వయసే ఎందుకు?

మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని జాతీయ విద్యావిధానం–2020 పేర్కొంది. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సైతం 3–6 ఏళ్ల పిల్లలకు నిర్దేశిత పాఠ్యపుస్తకాలు అవసరం లేదని, ఆటల ద్వారానే నేర్పాలని సూచించింది. 1975 అక్టోబరు 2న దేశంలోని 33 ప్రాజెక్టుల్లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పూర్వ ప్రాథమిక విద్య ఒక భాగం. అంగన్‌వాడీ కేంద్రాల్లో ఆటపాటలకు చోటు కల్పించింది అందుకే.

అయినా మూడేళ్ల బిడ్డ చేత పేజీల కొద్దీ అక్షరాలు దిద్దించడమే చదువని భావించే తల్లిదండ్రులు తక్కువేమీ కాదు. ఆ వయసులో చేతి వేళ్లకు ఇంకా పట్టు కుదరదు. వారికి ముందుగా కావలసినవి నిలకడగా చూడటం, తేడా గుర్తించడం, పోల్చడం, లెక్కించడం, చూసినది మాటల్లో చెప్పడం. రేపు బడిలో చదవడానికి, రాయడానికి పునాది ఇవే. ఈ అలవాట్లన్నీ చీమ వద్ద, కోడి వద్ద సులువుగా అబ్బుతాయి.

కాళ్లు లెక్కపెడితే తెలిసిపోతుంది

తెలుగులో ‘పురుగు’ అనే మాట పరిధి చాలా పెద్దది. సాలెపురుగు, పేడపురుగు, పట్టుపురుగు, నులిపురుగు.. అన్నీ పురుగులే. వీటిలో కీటకాలేవో తేల్చడానికి నాలుగేళ్ల పిల్లలకు ఒకే సూత్రం చాలు. ఆరు కాళ్లుంటే కీటకం. శరీరం తల, ఛాతీ, పొట్ట అని మూడు భాగాలుగా ఉంటుంది. తలపై మీసాల్లాంటి రెండు స్పర్శకాలు ఉంటాయి. చీమ, ఈగ, సీతాకోకచిలుక, తూనీగ, మిడత, మిణుగురు ఈ జాబితాలోకి వస్తాయి. సాలెపురుగుకు, తేలుకు ఎనిమిది కాళ్లు. కనుక అవి కీటకాలు కావు. జెర్రి, రోకలిబండలకు లెక్కకు మించి కాళ్లు. వానపాముకు అసలు కాళ్లే లేవు.

దీన్ని ఆటగా మార్చవచ్చు. నల్లరేగడి మట్టితో మూడు ఉండలు చేసి వరుసగా అతికించాలి. నడిమి ఉండకు చీపురు పుల్లలు అటు మూడు, ఇటు మూడు గుచ్చాలి. తలకు రెండు చిన్న పుల్లలు పెడితే చీమ తయారవుతుంది. కాళ్లన్నీ నడిమి భాగానికే ఉంటాయన్న సంగతి పిల్లలు చేతులతో చేసినప్పుడే మనసుకు పడుతుంది. తరువాత ‘ఒక కాలు విరిగితే ఎన్ని మిగులుతాయి?’ అని అడిగితే తీసివేత, ‘రెండు చీమలకు కలిపి ఎన్ని కాళ్లు?’ అని అడిగితే కూడిక పరిచయమవుతాయి. జవాబు తప్పితే సరిదిద్దకుండా, మళ్లీ లెక్కపెట్టమని చెప్పడం మేలు.

ఆరుద్ర పురుగు అసలు కథ

ఏటా జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె ప్రవేశిస్తుంది. వానలకు తడిసిన ఎర్రనేలల్లో, చెలకల్లో మఖమల్ గుడ్డను కత్తిరించినట్లుగా ఎర్రటి ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. సంస్కృతంలో దీనినే ఇంద్రగోపం అన్నారు. వీటి రాకను రైతులు అదునుకు సూచనగా భావిస్తారు.

పిల్లల అరచేతిలో ఒక ఆరుద్ర పురుగును ఉంచి కాళ్లు లెక్కపెట్టమనండి. ముట్టుకోగానే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. ఓపికగా ఎదురుచూస్తే మెల్లగా నడక మొదలుపెడుతుంది. అప్పుడు లెక్కిస్తే ఎనిమిది కాళ్లుంటాయి. అంటే పేరు పురుగైనా ఇది కీటకం కాదు. సాలెపురుగుల బంధువర్గానికి చెందిన జీవి. పెద్దలు చెప్పిన మాటను గుడ్డిగా వల్లించకుండా, స్వయంగా చూసి తేల్చుకునే శాస్త్రీయ దృక్పథానికి ఇంతకన్నా మంచి ఆరంభం ఉండదు.

ఆరుద్ర పురుగు ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోనే గడిపి, వానలు పడ్డాక కొద్దిరోజులు మాత్రమే పైకి వస్తుంది. మందుల పేరిట వీటిని సేకరించి అమ్మేవారూ ఉన్నారు. అగ్గిపెట్టెల్లో బంధించడం పిల్లల సరదా. అలా మూసిపెడితే ఎండిపోయి చనిపోతాయి. కాసేపు చూసి, ఎక్కడ పట్టారో అక్కడే వదిలిపెట్టడం నేర్పాలి.

చీమల బారుతో నాలుగు పాఠాలు

చీమలు లేని ఇల్లుండదు. కాబట్టి మొదటి ప్రయోగం వీటితోనే చేయించవచ్చు. నాలుగు ఆకులు తీసుకుని ఒకదానిలో చక్కెర, మరోదానిలో బెల్లం, ఇంకోదానిలో ఉప్పు, చివరిదానిలో బియ్యపు పిండి చిటికెడు చొప్పున ఉంచాలి. ‘చీమ ముందు దేని దగ్గరికి వెళ్తుంది బిడ్డా?’ అని అడిగి, పిల్లల ఊహను విన్న తరువాతే చీమల బారు సమీపంలో పెట్టాలి. పావుగంట తరువాత ఏ ఆకుపై ఎన్ని చీమలున్నాయో లెక్కించాలి. అన్ని చీమలకు అన్ని గింజలు పక్కన పేర్చితే ఎక్కువ, తక్కువ కంటికే తెలుస్తాయి. అంకెలు రాని పిల్లలకు ఇది చక్కని పద్ధతి.

రెండో పాఠం దారి. చీమలు తాము నడిచిన చోట ఒక వాసన గుర్తును వదులుతాయి. వెనక వచ్చేవి దాన్ని పట్టుకుని నడుస్తాయి. బారుకు అడ్డంగా తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే చీమలు అక్కడికి వచ్చి తడబడతాయి. అటూఇటూ తిరిగి కొద్దిసేపటికి మళ్లీ దారి కలుపుకొంటాయి. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసే దృశ్యమిది.

మూడో పాఠం భాష. మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకునే ఏడు చేపల కథ చీమ పుట్ట దగ్గరే ముగుస్తుంది. చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్నతో మొదలై గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లవాడు, చీమ.. ఇలా ఒక్కొక్కరినీ దాటుతూ కథ సాగుతుంది. ఒకదానికి మరొకటి కారణమవుతుందన్న కార్యకారణ సంబంధం ఇందులో ఇమిడి ఉంది. కథలోని పాత్రల బొమ్మలను చిన్న అట్టముక్కలపై గీసి, కలిపేసి, వరుసలో పేర్చమంటే జ్ఞాపకశక్తికీ పదును పెట్టినట్లవుతుంది. బొమ్మలు గీయడం రాకపోతే గడ్డిపరక, చిన్న రాయి, గవ్వ వంటి వస్తువులనే పాత్రలుగా వాడుకోవచ్చు.

నాలుగో పాఠం మన ముంగిట్లోని ముగ్గు. బియ్యపు పిండితో వేసిన ముగ్గును చీమలు మోసుకెళ్తాయి. సున్నపు ముగ్గు జోలికి రావు. ఒక మూల పిండితో, మరో మూల సున్నపు ముగ్గుతో చుక్కలు పెట్టి తెల్లవారి పరిశీలిస్తే తేడా తెలుస్తుంది. చుక్కలు కలపడం వల్ల వేళ్లకు పట్టు దొరుకుతుంది. గండుచీమలు, ఎర్రచీమల పుట్టల వద్ద మాత్రం పిల్లలను కూర్చోనివ్వరాదు.

కరివేపాకు చెట్టు మీద వింత

పెరట్లో కరివేపాకు, నిమ్మ, మారేడు చెట్లలో ఏదో ఒకటి ఉంటే సీతాకోకచిలుక జీవితచక్రాన్ని ఇంట్లోనే చూపవచ్చు. నిమ్మజాతి సీతాకోకచిలుక లేత ఆకులపై ఆవగింజ కన్నా చిన్నవైన గుడ్లు పెడుతుంది. కొద్దిరోజులకు పిల్లపురుగులు బయటకు వస్తాయి. తొలి రోజుల్లో ఇవి అచ్చం పక్షి రెట్టలా కనిపిస్తాయి. పక్షులు తినకుండా అదే వాటికి రక్ష. పెద్దయ్యాక ఆకుపచ్చ రంగులోకి మారతాయి. మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములాంటి భాగాన్ని బయటకు చాచి ఘాటైన వాసన వదులుతాయి. పిల్లలకు ఇది చెప్పలేనంత ఆశ్చర్యం.

పురుగున్న రెమ్మను తెంపి వెడల్పాటి గాజు సీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టాలి. రోజూ తాజా ఆకులు వేసి, రెట్టలు శుభ్రం చేయాలి. మందు చల్లిన ఆకులు వేస్తే పురుగు చనిపోతుంది. ఒక పుల్లను ఏటవాలుగా ఉంచితే దానికి అంటుకుని ప్యూపాగా మారుతుంది. గుడ్డు నుంచి సీతాకోకచిలుక వరకు సుమారు మూడు, నాలుగు వారాలు పడుతుంది. రెక్కలు విప్పుకొన్న తరువాత అవి ఆరేదాకా తాకకుండా ఉంచి, ఎండ పొడ తగిలే చోట వదిలిపెట్టాలి.

ప్రతిరోజూ ఒక కాగితంపై ఆ నాటి పురుగు పొడవుకు సమానంగా గీత గీయిస్తే, గీతలు పెరగడం చూసి పిల్లలు ఎదుగుదలను అర్థం చేసుకుంటారు. జిల్లేడు ఆకులపై నలుపు, తెలుపు, పసుపు చారలతో కనిపించే పురుగులూ సీతాకోకచిలుకలుగా మారేవే. కానీ జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. కాబట్టి వాటిని చెట్టు మీదే దూరం నుంచి చూపాలి. మునగచెట్టుపై గుంపులుగా ఉండే నూగు గొంగళిపురుగులను తాకనివ్వరాదు. వాటి వెంట్రుకలు తగిలితే దద్దుర్లు, దురద వస్తాయి. ‘నూగు ఉంటే తాకొద్దు’ అన్న ఒక్క మాట పిల్లలకు బాగా గుర్తుంటుంది.

తొట్టిలో దోమ.. గోడపై చెద

కొన్ని పాఠాలు ఇంటి ఆరోగ్యానికీ పనికొస్తాయి. నీటి తొట్టిలో, కూలర్‌లో, పాత టైర్లలో నిలిచిన నీటిని ఒక పారదర్శక సీసాలో పట్టి వెలుతురులో చూపండి. వంకరలు తిరుగుతూ ఈదే లార్వాలు కనిపిస్తాయి. సీసాపై చేయి నీడ పడితే అడుగుకు దిగుతాయి. గాలి పీల్చుకోవడానికి మళ్లీ పైకి వస్తాయి. మన వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం నుంచి పది రోజులు చాలు. వారానికోసారి నీటి పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టాలని, శుక్రవారాన్ని ‘డ్రైడే’గా పాటించాలని అధికారులు చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే. సీసా మూత గట్టిగా బిగించి, చూపిన రోజే ఆ నీటిని ఎండిన నేలపై పారబోయాలి. లార్వాను స్వయంగా చూసిన పిల్లలే ఆ తరువాత ‘నానమ్మా, తొట్టి మూత పెట్టలేదు’ అని గుర్తు చేస్తారు.

చెదల గురించి చెప్పడానికి మన జిల్లావాసులకు పిల్లలమర్రి కన్నా మంచి ఉదాహరణ లేదు. వందల ఏళ్ల నాటి ఈ మహావృక్షాన్ని చెదలు తొలచడంతో 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లుగా కొమ్మలకు మందు ఎక్కించారు. దేశమంతా ఆ వార్త చెప్పుకొంది. బియ్యపు గింజంత చెదపురుగు అంత పెద్ద మానును కూల్చగలదన్న సంగతి విన్న పిల్లలు, గోడపై మట్టి గీత కనిపిస్తే ఇక ఊరుకోరు. ‘తెల్లచీమ’ అని పిలిచినా చెదపురుగు చీమ జాతి కాదు, బొద్దింకలకు దగ్గరి బంధువు. మరోవైపు అడవిలో, పొలంలో ఎండుటాకులను, కట్టెను మట్టిలో కలిపేది కూడా ఈ చెదలే. ఏ జీవీ పూర్తిగా శత్రువు కాదని చెప్పడానికి ఇది అవకాశం.

గంప కింద 21 రోజులు

కోడి పొదుగుకు కూర్చున్న నాడు గోడపై 21 గీతలు గీయండి. రోజుకొకటి చొప్పున పిల్లల చేత కొట్టివేయించండి. ‘ఇంకా ఎన్ని రోజులు?’ అన్న ప్రశ్నకు వాళ్లే జవాబు వెతుక్కుంటారు. వారం గడిచాక చీకట్లో గుడ్డు వెనక టార్చి వెలుగు పెడితే లోపల ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఈ పని పెద్దలే చేయాలి, వెంటనే గుడ్డును కోడి కింద ఉంచాలి. 21వ రోజు ప్రాంతంలో పిల్ల తన ముక్కుపై ఉండే చిన్న పంటిలాంటి బొడిపెతో పెంకును లోపలి నుంచి పగలగొట్టుకుని వస్తుంది. సాయం చేయబోతే ప్రమాదం. ఎదురుచూడటం కూడా చదువేనని పిల్లలు ఇక్కడ నేర్చుకుంటారు.

పది గుడ్లు పెడితే పదీ పిల్లలు కాకపోవచ్చు. పుట్టిన వాటిలో ఒకటో రెండో గద్ద పాలు కావచ్చు. పిల్లలు ఏడుస్తారు. ఆ సమయంలో ‘ఎక్కడికో వెళ్లింది, మళ్లీ వస్తుంది’ అని అబద్ధం చెప్పడం సరికాదు. చనిపోయింది, ఇక రాదు అని మెల్లగా, సూటిగా చెప్పి, మిగిలిన వాటికి నూకలు వేయించాలి. పుట్టుక, మరణం రెండింటినీ తట్టుకునే మనసు ఇలాంటి చిన్న అనుభవాలతోనే ఏర్పడుతుంది. కోడిపిల్లలను ముద్దాడటం, తాకిన చేతిని నోట్లో పెట్టుకోవడం మాత్రం మాన్పించాలి. కోళ్ల ద్వారా పొట్టకు చేటు చేసే క్రిములు వ్యాపిస్తాయి.

దొడ్డిలో పోలికలు.. తేడాలు

మేక, ఆవు, గేదె ఉన్న ఇళ్లలో పోలికల ఆట ఆడించవచ్చు. ఆవుకు, మేకకు పైదవడ ముందు భాగంలో పళ్లుండవు. కుక్కకు, పిల్లికి కోరలుంటాయి. గడ్డి తినే వాటికి, మాంసం తినే వాటికి మధ్య తేడా నోటిలోనే ఉంది. పశువు నెమరు వేస్తున్నప్పుడు ముద్ద గొంతులోంచి పైకి రావడం, నమిలాక మళ్లీ కిందికి జారడం బయటికే కనిపిస్తుంది. ఒక్కో ముద్దను ఎన్నిసార్లు నములుతుందో చప్పట్లతో లెక్కపెట్టించండి.

కళ్లను పోల్చడం మరో ఆట. మేక కంటిపాప అడ్డంగా చీలినట్లుంటుంది. పిల్లి కంటిపాప ఎండలో నిలువు గీతలా సన్నబడి, చీకట్లో గుండ్రంగా విచ్చుకుంటుంది. మేక సుమారు 5 నెలలు, ఆవు 9 నెలలకు పైగా కడుపులో పిల్లను మోస్తాయని చెప్పి, పండుగల పేర్లతో ఆ కాలాన్ని లెక్కించి చూపవచ్చు. ఉగాదికి కట్టిన మేక వినాయక చవితికి ఈనుతుందంటే పిల్లలకు నెలల లెక్క ఇట్టే అర్థమవుతుంది. దూడకు గడ్డి, కుక్కకు నీళ్లు పెట్టే బాధ్యతను రోజూ ఒకే వేళకు అప్పగిస్తే సమయపాలనా, కరుణా కలిసి అలవడతాయి.

కుక్క దగ్గర ఈ నాలుగూ తప్పనిసరి

ప్రేమ నేర్పడం ఎంత ముఖ్యమో, హద్దులు నేర్పడం అంతే ముఖ్యం. అనుమానిత రేబిస్ జంతువుల కాటుకు గురవుతున్న వారిలో 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెంపుడు కుక్కయినా, వీధి కుక్కయినా పిల్లలు పాటించాల్సినవి ఇవి.

* తింటున్న, నిద్రిస్తున్న, పిల్లలున్న కుక్క దగ్గరికి వెళ్లకూడదు.
* తోక, చెవులు లాగకూడదు. ముఖాన్ని కుక్క ముఖానికి దగ్గరగా పెట్టకూడదు.
* తెలియని కుక్క దగ్గరికి వస్తే పరుగెత్తకూడదు. చేతులు ముడిచి, చూపు కాలివేళ్లపై నిలిపి చెట్టులా కదలకుండా నిలబడాలి. కింద పడితే మెడను చేతులతో కప్పుకుని తాబేలులా ముడుచుకోవాలి.
* కరిచినా, గీరినా, గాయంపై నాకినా వెంటనే పెద్దలకు చెప్పాలి.

‘చెట్టు’, ‘తాబేలు’ అని పిలవగానే ఆ భంగిమల్లోకి మారే ఆటను రోజూ ఆడిస్తే అవసరమైనప్పుడు శరీరమే స్పందిస్తుంది.

అన్నింటిలో నాలుగోది ప్రాణప్రదమైనది. కుక్కతో ఆడవద్దన్నా ఆడామని, చెబితే కొడతారని భయపడి పిల్లలు చిన్న గాట్లను దాచిపెడతారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. సకాలంలో టీకా వేయిస్తే మాత్రం ఆ ముప్పును నివారించవచ్చు. అంటే బిడ్డ చెప్పే ఒక్క మాటపై ప్రాణం ఆధారపడి ఉంది. చీమను చూసి వచ్చి చెప్పినప్పుడు చెవి ఒగ్గిన ఇంట్లోనే, కుక్క గీరిందన్న మాట కూడా బిడ్డ నోట వస్తుంది. విసుక్కునే ఇంట్లో రాదు.

కాటు పడితే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు రాయకూడదు. ఆలస్యం లేకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వైద్యులు చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చేయించాలి. పిల్లి గీరినా ఇదే పద్ధతి. ఇంట్లో కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా మొదలుపెట్టి, పశువైద్యుల సూచన మేరకు ఏటా వేయించాలి.

రాళ్లు, పిడకల కుప్పలు, పాత కట్టెల కింద తేళ్లుంటాయి. అక్కడ చేయి పెట్టరాదని, రాయిని తిప్పి చూపడం పెద్దల పని అని స్పష్టం చేయాలి. చిన్నపిల్లలకు తేలు కుడితే మంత్రాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

దారం కట్టొద్దు.. పంజరం వద్దు

తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయడం మన పల్లెల్లో పాత ఆట. తూనీగ పిల్లలు నీటిలో పెరుగుతూ దోమల లార్వాలను తింటాయి. పెద్దయ్యాక ఎగురుతూ దోమలనే పట్టి తింటాయి. ఆ సంగతి తెలిసిన పిల్లవాడి చేతికి దారం ఇచ్చినా కట్టడు. రామచిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 ప్రకారం నేరం. నక్షత్ర తాబేళ్లకూ ఇది వర్తిస్తుంది. చిలుకను చూపాలంటే జామచెట్టు చాలు. మట్టి మూకుడులో నీళ్లు, గుప్పెడు సజ్జలు పెడితే పిచ్చుకలూ వస్తాయి.

వారం రోజుల ప్రణాళిక

సోమవారం: మట్టితో చీమ బొమ్మ చేయడం, కాళ్ల లెక్క.
మంగళవారం: నాలుగు ఆకుల ప్రయోగం, గింజలతో పోలిక.
బుధవారం: ఏడు చేపల కథ, అట్టముక్కల వరుస.
గురువారం: కరివేపాకు చెట్టు పరిశీలన, గీత గీయడం.
శుక్రవారం: నీటి పాత్రలు ఖాళీ చేయడం, లార్వాను చూడటం.
శనివారం: కోడి, మేక, పిల్లి.. కూతలు, కళ్లు, పళ్ల పోలికలు. ‘చెట్టు–తాబేలు’ ఆట.
ఆదివారం: వారమంతా చూసినవాటిని తల్లిదండ్రులకు చెప్పడం. దూరాన ఉన్నవారికి ఫోన్‌లో చెప్పించాలి.

ప్రతి పాఠం తరువాత సబ్బుతో చేతులు కడగడం మరువరాదు. నాలుగేళ్ల పిల్లలు ఒకే పనిపై పది, పదిహేను నిమిషాలకు మించి నిలవలేరు. వారు లేచి వెళ్లిపోతే బలవంతపెట్టవద్దు. భయపడే పిల్లలను దగ్గరికి నెట్టవద్దు. దూరం నుంచి చూడనిచ్చి, రోజుకో అడుగు ముందుకు వేయనివ్వాలి. తెలియని ప్రశ్న అడిగితే ‘పద.. ఇద్దరం కలిసి చూద్దాం’ అంటే సరిపోతుంది.

ఈ వానాకాలంలో బిడ్డ నేల వైపు వేలు చూపించి ‘అదేంటి?’ అని అడిగితే చేతిలో పని ఒక్క నిమిషం పక్కన పెట్టి, పక్కన కూర్చుని కాళ్లు లెక్కపెట్టండి.